కొలవందే నమ్మని మేడంగారు

ఫోను మోగేసరికి నేను పి.గన్నవరం దగ్గర కాలవగట్టు మీద, కొత్తగా అతికిన గ్యాసు పైపు పక్కన నిలబడి ఉన్నాను. చేసినాయన అమలాపురంలో మా మీటర్లు సరిచూసే లేబొరేటరీకి ఒకప్పుడు వాచ్‌మన్. అందరం బాబాయిగారనే పిలిచేవాళ్ళం. లేబొరేటరీ మూతపడ్డాక ఆయన గొంతు వినడం అదే మొదటిసారి.

“రాజోలుగారేనా అండి? మన మేడంగారు పోయేరండి.”

నాకు తెలిసిన మేడంగారు ఒక్కరే. అయినా, “ఏ మేడంగారండి?” అని అడిగాను.

“మనకి ఇంకెవరున్నారండి. నిన్న సాయంత్రం పోయేరు. పిడుగు పడిందండి.”

పిడుగు అన్న మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. గుండె ఆగిందన్నా, లారీ గుద్దిందన్నా అర్థమయ్యేదేమో.

“ఎక్కడండి?”

“చేలోనండి. ఐనవిల్లి దగ్గర, వాళ్ళ తమ్ముడుగారి చేలో.”

“ఉరుముతుంటే చేలో ఆవిడకేం పనండి?”

బాబాయిగారు ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది, తర్వాత ఫోను ఆగిపోయింది.

పోయిన మనిషి గురించి మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదని నాకూ తెలుసు. కానీ ఆవిడతో పనిచేసినవాళ్ళు ఎవరైనా అదే అడుగుతారు. ఆకాశం ఎక్కడో దూరంగా గొణిగినా సరే, ఆవిడ పని ఆపేసేవారు. ప్లగ్గులన్నీ పీకించి, బయటున్న వాళ్ళందర్నీ లోపలి గదిలోకి పిలిచి, ఇంటికి బయల్దేరుతున్నవాళ్ళ బండి తాళాలు అడిగి పుచ్చుకునేవారు. “వాన తగ్గిపోయింది కదండీ” అంటే “నేను చెప్పేది వాన సంగతి కాదండి” అనేవారు. ఆఖరి ఉరుము వినపడి చాలాసేపు గడిచాక గానీ తాళాలు చేతికొచ్చేవి కావు. అటువంటి మనిషి పిడుగు పడి పోయారంటే నేను నమ్మలేదు. బాబాయిగారికి మళ్ళీ ఫోను చేశాను. అదే మాట మళ్ళీ చెప్పించుకున్నాను. అప్పుడు మాత్రం కాలవగట్టు మీద కూలబడ్డాను.

ఆవిడ పని ఏమిటో చెప్పకపోతే ఆవిడ అర్థం కారు. నేను గల్ఫులో నేర్చుకొచ్చిన పని పైపుల అతుకులకి ఎక్స్‌రే తీయడం. మేం వాడేది గామా కిరణాలు చిమ్మే చిన్న లోహపు ముక్క. ఆ కిరణాలు కంటికి కనపడవు, వాసన రావు, ఒంటికి తగిలినా వెంటనే తెలియదు. ఉన్నాయో లేదో చెప్పేది చేతిలో మీటరు ఒక్కటే. ఆ మీటరు నిజం చెప్తోందో అబద్ధం చెప్తోందో ఎవరో ఒకరు చూడాలి కదా. మా అందరికీ ఆ ఎవరో ఒకరు మేడంగారు.

కోనసీమలో గ్యాసు పనులు జోరుగా ఉన్న రోజుల్లో ఒక కంపెనీవాళ్ళు అమలాపురం బయట, కొబ్బరితోటల మధ్య ఆ లేబొరేటరీ కట్టారు. అందులో మందపాటి కాంక్రీటు గోడల గది ఒకటి. ఆ గది నేల కింద సీసపు కుండలో, అవే కిరణాలు చిమ్మే కోబాల్టు ఉండేది. బయట బల్ల మీద మీట నొక్కితే అది ఒక కడ్డీతో పాటు పైకి లేచి ఒక్క దిక్కుకే కిరణాలు వదిలేది. ఆ దారిలో ఆవిడ ముందుగా తన చాంబర్ పెట్టేవారు. చూడ్డానికి బత్తాయికాయంత నల్లటి బంతి, లోపల గాలి తప్ప ఇంకేమీ ఉండదు. గామా కిరణం ఆ గాలిలోంచి వెళ్ళినప్పుడు అతి సన్నటి కరెంటు పుడుతుంది. బయటున్న ఎలక్ట్రోమీటర్ అనే పెట్టె దాన్ని అంకెగా చూపిస్తుంది. ఆ అంకెని బట్టి ఆ చోట కిరణం ఎంత బలంగా ఉందో ఆవిడ తేల్చేవారు. తర్వాత చాంబర్ తీసి సరిగ్గా అదే చోట మా మీటరు పెట్టి, ఇదీ అంతే చెప్తోందా అని చూసేవారు. పని అంతే. ఆ అంతే అన్న పనికి ఒక్కోసారి పూట పట్టేది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, కూర్చోమనలేదు, ఏ ఊరని అడగలేదు. గోడకున్న థర్మామీటర్ దగ్గరికి వెళ్ళి చూసి, పక్కనున్న గాలి ఒత్తిడి పెట్టెను చూసి, ఫ్యాను ఆపేశారు. మే నెల. కాసేపటికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

“ముందు గాలిని అడగాలండి,” అన్నారు. “వేడెక్కితే పలచబడుతుంది. పలచబడితే చాంబర్ తక్కువ చెప్తుంది. తప్పు చాంబర్‌ది కాదండి, మనం అడక్కపోవడం తప్పు.”

నేతచీర, కాళ్ళకి కేన్వాసు బూట్లు, నడుముకి తాళాల గుత్తితో పాటు స్టీలు టేపు. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. అది అక్కడున్న సంగతి మరిచిపోయి బల్ల మీద వెతికేవారు. మాలో ఎవరూ తీసి ఇచ్చే ధైర్యం చేయలేదు. మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. మీటరు ఏ ఊరి పని నుంచి వస్తే ఆ ఊరు మా పేరు. నేను రాజోలుగారు. కొత్తపేట నుంచి వచ్చేవాయన కొత్తపేటగారు. అతను తర్వాత కాకినాడ మారిపోయినా ఆవిడకి కొత్తపేటగారే.

నేల కింద ఉన్న కోబాల్టుని మాత్రం పెద్దాయన అనేవారు. మీట నొక్కే ముందు గట్టిగా, “పెద్దాయన లేస్తున్నారండి” అని చెప్పేవారు. ఆపాక, “పడుకున్నారండి.” ఒకసారి కొత్తగా చేరిన సహాయకుడు “సోర్సు ఎక్కేసింది” అన్నాడు. ఆవిడ పని ఆపి అతని వైపు తిరిగారు.

“ఎక్కేసింది ఏంటండి? లేచేరనాలి.”

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

“హాస్యానికి చెప్పట్లేదండి. ఆయన్ని అది, ఇది అనడం మొదలెడితే మనకి భయం పోద్ది. భయం పోయినవాళ్ళు నా దగ్గర పనిచెయ్యక్కర్లేదండి.”

వానాకాలంలో మాకు ఆవిడతో నరకమే. మన కోనసీమలో జూలై వచ్చిందంటే ఉప్పు నీళ్ళయిపోతుంది, అగ్గిపుల్ల వెలగదు. ఆ తేమకి చాంబర్ తీగల్లో లేని కరెంటు కనపడేది. రాజోలు నుంచి రెండు బస్సులు మారి మీటర్ల పెట్టె మోసుకుపోతే, “ఇవాళ గాలి మన మాట వినట్లేదండి, రేపు రండి” అని వాకిట్లోంచే పంపేసేవారు. తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవాణ్ణి. మర్నాడు వెళ్తే, నేను తిట్టుకున్న సంగతి తెలిసినట్టుగానే, ముందు మజ్జిగ ఇచ్చేవారు.

నా మీటర్లలో ఒకటి నాకు బాగా నచ్చేది. తేలిగ్గా ఉండేది, చేతిలో ఇమిడేది. దాన్ని ఆవిడ రెండుసార్లు పెట్టి చూసి, ఎర్ర కాగితం అంటించి నా చేతిలో పెట్టారు.

“మీ మీటరు మీకు నచ్చే మాటలే చెప్తోందండి. ఉన్నదాంట్లో సగం చెప్తోంది. దీన్ని పనిలోకి తీసుకెళ్ళకండి.”

“ఈ ఒక్క పనీ అయిపోనివ్వండి మేడంగారూ. రేపు పైపు కప్పెట్టేస్తారు.”

“పైపు ఆగుతుందండి,” అన్నారు. అంతటితో సరి.

సుమారుగా, దాదాపుగా, ఇంచుమించు అన్న మాటలు ఆవిడ దగ్గర చెల్లేవి కావు. అలాగని అన్నీ తెలుసన్నట్టు మాట్లాడే మనిషీ కాదు. ఏ అంకె చెప్పినా, ఇందులో ఇంత అటో ఇటో ఉండొచ్చు అని వెంటనే చేర్చేవారు. తెలియనిదానికి తెలియదనే అనేవారు. ఆ సంగతి నేనొకసారి కళ్ళారా చూశాను.

ఆ రోజు పక్క తోటల రైతులు నలుగురైదుగురు లేబొరేటరీ గేటు దగ్గరికి వచ్చారు. కొబ్బరి పిందెలు రాలిపోతున్నాయట. ఈ గదిలో ఏదో ఉంది, దాని మూలంగానే చెట్లు పాడవుతున్నాయని వాళ్ళ అనుమానం. బాబాయిగారు గేటు మూసేయబోతే ఆవిడ వద్దన్నారు. చేతి మీటరు తీసుకుని వాళ్ళ వెంట తోటలోకి నడిచారు. నేనూ వెళ్ళాను. గోడ పక్క చెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో మొదలు దగ్గరా ఆగి, మీటరు పెట్టి, వాళ్ళనే చూడమని చదివించారు. ఎక్కడా తేడా లేదు.

“ఇప్పుడు ఇక్కడికి దూరంగా ఉన్న తోట ఏదైనా చూపించండి,” అన్నారు.

“దూరందెందుకండి?” అన్నాడొక రైతు.

“ఇక్కడొక్కటే చూస్తే మీరు నన్ను నమ్మాలి. రెండూ చూస్తే మీటర్ని నమ్మొచ్చండి.”

కాలవ దాటి అవతల తోట దాకా నడిచాం. అక్కడా అదే అంకె. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో వయసైన ఒకాయన, పంచె ఎగ్గట్టుకున్నాయన, నెమ్మదిగా అడిగాడు.

“ఆయ్. మరైతే పిందెలు ఎందుకు రాలుతున్నాయంటారండి?”

“నాకు తెలీదండి. మా గది వల్ల కాదన్నంతవరకే నాకు తెలుసు.”

ఆ జవాబుకి వాళ్ళు కోప్పడతారనుకున్నాను. పంచె ఆయన తలూపి, “అలా చెప్పేవాళ్ళు లేరండి,” అన్నాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర బొండాలు దింపి వెళ్ళేవారు.

ఇంక ఆ రోజు సంగతి చెప్పాలి. ఇప్పటికీ అది తలుచుకుంటే నా కుడి అరచెయ్యి చల్లబడుతుంది.

వానలు వెనకబట్టిన కాలం. నా మీటర్లు సరిచూడటానికి వెళ్ళాను. నాకూ లైసెన్సు ఉంది కాబట్టి గదిలోకి వెళ్ళి నా మీటరు నన్నే పెట్టుకోనిచ్చేవారు. ఆవిడ చాంబర్‌తో కొలత పూర్తి చేశారు. మీట ఆపారు. తలుపు పైన ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగింది. తలుపు గడియ వదిలిన చప్పుడు టక్కుమని వినపడింది. గోడకున్న అలారం కూడా ఊరుకుంది. నేను మీటరు చంకలో పెట్టుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

“ఆగండి రాజోలుగారు.”

గొంతు పెంచలేదు. మామూలుగా టీ తాగుతారా అని అడిగినట్టే ఉంది. తిరిగి చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. ఎలక్ట్రోమీటర్ని చూస్తున్నారు.

“చెయ్యి తియ్యండి. తలుపు తియ్యకుండా చెయ్యి తియ్యండి.”

తీశాను.

“ఇటు రండి.”

వెళ్ళాను. పెట్టెలో అంకె కనపడింది. మీట ఆపితే సున్నాకి పడిపోవాల్సిన అంకె, ఇందాకటి చోటే నిలబడి ఉంది.

“పెద్దాయన పడుకోలేదండి,” అన్నారు.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. తలుపు తోస్తే తెరుచుకునేలా ఉంది. అలారం మోగడం లేదు. నా ముందు మూడు కాపలాలూ వెళ్ళు వెళ్ళు అంటున్నాయి. లోపల గాలి నిండిన నల్ల బంతి ఒక్కటే వద్దంటోంది. ఆవిడ ఆపకపోతే నేను లోపలికెళ్ళి మీటరు అమర్చి, స్క్రూ బిగించి, సరిగ్గా ఉందా లేదా అని వంగి చూసుకునేవాణ్ణి. ఆ కిరణానికి ఎదురుగా నిలబడి, హాయిగా, ఏమీ తెలియకుండా.

ఆవిడ ముందు తలుపుకి బయటినుంచి తాళం వేశారు. తర్వాత చేతి మీటరుతో గోడల చుట్టూ తిరిగి, బయట ఎక్కడా ప్రమాదం లేదని చూసుకున్నారు. అప్పుడు కంపెనీకి ఫోను చేశారు.

మేనేజరు మధ్యాహ్నానికి కారులో వచ్చాడు. మంచివాడే, కానీ హడావిడి మనిషి. జరిగింది విని, గది నక్షా చూసి, “కడ్డీ పైనే ఇరుక్కుని ఉంటుందండి. ఎవరైనా గబుక్కున వెళ్ళి వెదురుకర్రతో ఒక్కసారి కిందికి నొక్కితే పడిపోతుంది. క్షణం పని,” అన్నాడు. అని సహాయకుడి వైపు చూశాడు. ఆ సహాయకుడికి ఇంటి దగ్గర పసిపిల్ల. అతను లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి,” అన్నారు మేడంగారు అతనితో.

“మీరే చెప్పేరు కదండీ, తక్కువసేపుంటే తక్కువ తగులుతుందని,” అన్నాడు మేనేజరు.

“ఎంతసేపో ఎవరు చెప్తారండి? కర్ర జారితే? కడ్డీ దిగకపోతే? లోపలికెళ్ళిన మనిషి ఇంకోసారి నొక్కుదామనుకుంటాడు. ఆ ఇంకోసారి ఎంతసేపు?”

“అయితే మీరు వెళ్ళండి. మీకు అన్నీ తెలుసు కదా.”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను.

“నేనూ వెళ్ళనండి,” అన్నారు. “నాదీ ప్రాణమేనండి. పొడుగు చేతుల పనిముట్లున్నవాళ్ళని పిలిపించండి. అప్పటిదాకా ఈ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.”

వాళ్ళు వచ్చేదాకా ఆవిడ ఆ తలుపు ముందు కుర్చీ వేసుకునే ఉన్నారు. అన్నం కూడా అక్కడికే వచ్చింది. తమ పనిముట్లతో, దూరం నుంచి, అద్దంలో చూస్తూ వాళ్ళు కోబాల్టుని కుండలోకి దింపారు. ఎవరికీ ఏమీ కాలేదు. కడ్డీ తేమకి తుప్పు పట్టి ఇరుక్కుందని తేలింది. ఇంకొకటి కూడా తేలింది. లైటూ, తలుపు గడియా, అలారమూ మూడూ మీట నుంచి వచ్చే ఒకే తీగ మీద ఆధారపడి ఉన్నాయి. మీట ఆపితే మూడూ ఆగుతాయి. పెద్దాయన నిజంగా పడుకున్నారో లేదో ఆ మూడింటిలో ఏదీ చూడటం లేదు.

ఆ మాట వినగానే ఆవిడ లేచి భవనం వెనక్కి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే నేను టీ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. బోరింగు దగ్గర కొబ్బరి దుంగ మీద కూర్చుని ఉన్నారు. ముఖం కడుక్కున్నట్టున్నారు, చీర ముందంతా తడిసి ఉంది. గ్లాసు అందిస్తే పట్టుకోలేకపోయారు. టీ సగం చీర మీద ఒలికింది.

“మీ చెయ్యి తలుపు మీదుందండి,” అన్నారు.

“మీరు చూసేరు కదండి. ఏమీ అవలేదు కదా.”

“అలవాటుగా చూసేనండి. అంతే. అనుమానమొచ్చి చూడలేదు.” గ్లాసు దుంగ మీద పెట్టి, “ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ మీటర్లన్నీ పరీక్ష పెట్టేను. నా గుమ్మం మీద లైటుని అడగలేదండి. నువ్వెవర్ని చూసి చెప్తున్నావని ఒక్కసారి అడగలేదు,” అన్నారు.

ఆవిడ నా చెయ్యి వైపు చూస్తూ మళ్ళీ అదే మాట అన్నారు. మీ చెయ్యి తలుపు మీదుందండి. ఎప్పుడూ తడబడని మనిషి అలా ఒకే మాట తిరగేసి తిరగేసి అంటుంటే, గది ముందు రాని భయం నాకు అక్కడ వచ్చింది.

తీగలన్నీ మార్చి, విడిగా పనిచేసే అలారం పెట్టేదాకా తలుపు తెరవనని ఆవిడ పట్టుబట్టారు. కంపెనీవాళ్ళకి అంతకన్నా లేబొరేటరీ మూసేయడమే సులువనిపించింది. కోబాల్టుని పద్ధతి ప్రకారం తీసుకుపోయారు. ఆవిడ ఐనవిల్లి పక్క ఊళ్ళో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకో మాలో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు. తర్వాత ఒకసారి ముక్తేశ్వరం సెంటర్లో కూరగాయలు కొంటూ కనపడ్డారు.

“ఇప్పుడేం కొలుస్తున్నారండి?” అని పలకరించాను.

“వాన కొలుస్తున్నానండి. పెరట్లో గొట్టం పెట్టేను. మా తమ్ముడు బాగా కురిసిందంటాడు. ఎంత బాగా అని అడిగితే నవ్వుతాడు,” అన్నారు. ఆవిడ కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు కొత్త.

కాలవగట్టు మీద నుంచి లేచి, పని ఆపించి, మా సామాను తాళం వేయించి బండి తీశాను. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. ఎదుట మేనేజరు నిలబడి వెళ్ళమంటే వెళ్ళనన్న మనిషి, ఉరుముతుంటే చేలోకి ఎందుకు వెళ్ళారు. ఎవరో అబద్ధం చెప్తున్నారనిపించింది. లేదా ఆవిడ చివరి రోజుల్లో మారిపోయి ఉండాలి. ఏదో ఒకటి తేలకపోతే నేను ఇంటికి వెళ్ళలేననిపించింది.

నేను వెళ్ళేసరికి దహనం అయిపోయింది. అరుగు మీద చుట్టాలు కూర్చుని ఉన్నారు. ఆవిడ తమ్ముడుగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. అదే ముక్కు, అదే నుదురు. నేనెవరో చెప్పుకున్నాను.

“రాజోలుగారా. అక్కయ్య చెప్తుండేదండి,” అన్నారు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. ఆయన చేను వైపు చూపించారు. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దిగితే గట్టు, గట్టు అవతల వరి. చేను మధ్య గట్టు మీద కొబ్బరిచెట్టు ఒకటి మొవ్వు మాడిపోయి నిలబడి ఉంది.

“మబ్బు పడుతుంటేనే అక్కయ్య అరుగు మీదకొచ్చి, కలుపు తీస్తున్నవాళ్ళందర్నీ వచ్చెయ్యమని కేకేసిందండి. అందరూ వచ్చేసేరు. ఒక్కావిడ మిగిలిపోయింది, అదిగో ఆ చివర. గోదారి లంకల్లోంచి కొత్తగా పనికొచ్చింది. ఆవిడకి వినపడదని మాకెవరికీ తెలీదండి. అక్కయ్య పిలుస్తూనే ఉంది. నేను లోపల ఆవుని కట్టేస్తున్నాను. వచ్చి చూసేసరికి గట్టు దిగి పోతోందండి. ‘నేను వెళ్తానుండు’ అన్నాను. ‘నువ్వు రాకు’ అని వెనక్కి తిరక్కుండానే అంది.”

ఆయన మొవ్వు మాడిన చెట్టు పక్కకి వేలు చూపించారు.

“ఆవిణ్ణి పట్టుకుని లాక్కొచ్చేస్తోందండి. ముందుకి తోసింది. ఆవిడ గట్టెక్కింది. అక్కయ్య ఇంకా నీళ్ళలోనే ఉంది.”

అరుగు మీద ఒక పెద్దావిడ మరొకావిడతో అంటున్న మాట నాకు వినపడింది. “ఒక చెవిటిదాని కోసం ఇంత చదువుకున్న మనిషి.” ఇంకొకావిడ, “మళ్ళీ ఇక్కడికొచ్చి కూర్చుంది చూడండి,” అంది.

వాళ్ళు చూస్తున్న వైపు చూశాను. పెరటి గోడ దగ్గర, ఎండలోనే, ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని ఉంది. ఎడం భుజానికి కట్టు కట్టి ఉంది. పలకరిస్తున్నవాళ్ళు లేరు. ఎదురుగా మంచినీళ్ళ గ్లాసు కూడా లేదు. నేను బిందె దగ్గర గ్లాసు ముంచి తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. నీళ్ళు తాగలేదు. గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఏమైందన్నట్టు చేను వైపు చూపించి, చెయ్యి తిప్పాను.

వినపడనివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగా మాట్లాడింది.

“వంగి కలుపు తీస్తన్నాను బాబూ. నడుం నొప్పెట్టి లేచేను. అమ్మగారు అరుగు మీద నిలబడి సెయ్యూపుతున్నారు. ఎనక్కి తిరిగి సూసేను. ఎవరూ లేరు. నాకేనన్నమాట. కొత్తదాన్ని కదా, పలకరిస్తన్నారనుకున్నాను. ఇంతకాలం కూలికెళ్ళేను, అరుగు మీద నిలబడి నాకు సెయ్యూపినోళ్ళు లేరు బాబూ.”

గ్లాసు కింద పెట్టింది. కుడిచెయ్యి పైకెత్తింది.

“నేనూ ఊపేను.”

ఎలా ఊపిందో చూపించింది. అరచెయ్యి తెరిచి, అటూ ఇటూ, పెళ్ళికి పోతున్న బస్సుకి ఊపినట్టు.

“అమ్మగారు ఇంకా గట్టిగా, రెండు సేతులతో ఊపేరు. నాకు నవ్వొచ్చింది. నేనూ ఇంకా గట్టిగా ఊపేను.”

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

“అప్పుడు దిగేరు బాబూ.”

నా వెనక అలికిడైంది. తమ్ముడుగారు ఎప్పుడొచ్చారో నిలబడి ఉన్నారు. ఆయనకీ ఈ సంగతి అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది. ఆయన వచ్చి ముసలావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గాలిలో నిలిచిపోయిన ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా కిందికి దించారు. దించాక కూడా వదల్లేదు.